కమ్యూనిటీ కాలేజీ నుంచి హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్‌కు వెళ్లాలా, యూసీకో శాన్‌హోజే స్టేట్‌కో ట్రాన్స్‌ఫర్ కావాలా?

నల్లరేగడి:

అందరికీ నమస్కారం. వయసు 22. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో బీటెక్ ఈసీఈ మొదటి సంవత్సరం అయ్యాక, ఎఫ్4 (అమెరికా పౌరుల తోబుట్టువుల) కేటగిరీలో ఇంట్లో అందరికీ గ్రీన్‌కార్డులు వచ్చి కాలిఫోర్నియాకు వచ్చేశాం. ఫస్టియర్‌లో రెండు బ్యాక్‌లాగ్‌లు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు కూపర్టినోలోని డీఆంజా కాలేజీలో 62 క్వార్టర్ యూనిట్లు అయ్యాయి, జీపీఏ 3.5. మ్యాథ్ 1ఎ, 1బి, సీఐఎస్ 22ఎ, 22బి (ప్రోగ్రామింగ్), ఇంగ్లిష్ మొదటి కోర్సు పూర్తయ్యాయి. వారానికి 30 గంటలు పని. కంప్యూటర్ సైన్స్ చేయాలని ఉంది.

మొదట యూసీలకు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు), శాన్‌హోజే స్టేట్‌కు అప్లై చేద్దామనుకున్నాను. ఈలోగా హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్‌లో బ్యాచిలర్స్ ఉందని, చాలావరకు ఆన్‌లైన్‌లో చేయొచ్చని, పని మానక్కర్లేదని తెలిసింది. ఇంట్లో అందరూ దానివైపే మొగ్గుతున్నారు. నా ప్రశ్నలు: ఆ డిగ్రీ విలువ నిజంగా ఎంత? మొత్తం ఖర్చు ఎంతవుతుంది? ఈ సమ్మర్‌లోనో ఫాల్‌లోనో అక్కడ ఒకటి రెండు కోర్సులు చేసి చూస్తే తర్వాత యూసీ దారికి ఏమైనా అడ్డొస్తుందా? బీటెక్ మార్కులు ఎక్కడైనా చూపించాలా?

బే ఏరియా అక్క:

తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగిన రెండు ప్రశ్నలే అన్నిటికన్నా ముఖ్యం, అందుకే వాటితో మొదలుపెడతాను.

బీటెక్ మార్కులు చూపించాలి. యూసీ అప్లికేషన్‌లో హైస్కూల్ తర్వాత చేరిన ప్రతి కాలేజీ రాయమంటారు, ఏ దేశంలోదైనా సరే. "క్రెడిట్ అడగడం లేదు కదా, రాయకపోతే ఏం" అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాత బయటపడితే సీటు ఇచ్చాక కూడా రద్దు చేయొచ్చు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నా సరే, మెమోలో ఉన్నది ఉన్నట్టే రాయాలి. మార్కులను నువ్వే ఏ, బీ గ్రేడ్లుగా మార్చి రాయకూడదు. అదనపు వివరాలు రాసే చోట రెండు వాక్యాలు చాలు: ఇమిగ్రేషన్ వల్ల చదువు మధ్యలో ఆగింది, ఆ సబ్జెక్టులు మళ్లీ రాయలేదు అని. ఇక్కడి 3.5 ముందు ఆ రెండు బ్యాక్‌లాగ్‌లు పెద్ద విషయం కాదు, దాచడమే పెద్ద విషయం.

ఆ బీటెక్ సంవత్సరం మీద పెద్దగా ఆశ కూడా పెట్టుకోవద్దు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల జనరల్ ఎడ్యుకేషన్ ప్యాటర్న్, అంటే ఐజెట్సీ స్థానంలో 2025 ఫాల్ నుంచి వచ్చిన కాల్-జెట్సీ, విదేశీ కాలేజీ కోర్సులను లెక్కలోకి తీసుకోదు. ఇంటర్ మార్కులకు క్రెడిట్ అసలే రాదు. అయినా యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ ఇప్పుడే తెప్పించుకో. చదువు మధ్యలో మానేసినవాళ్లకు అది వారాల తరబడి నానుతుంది. కాకినాడలో ఎవరైనా వెళ్లి కౌంటర్‌లో అడిగితేనే కదులుతుంది. కనీసం మూడు సీల్డ్ కవర్లు తీసుకోమను.

ఇక ఎక్స్‌టెన్షన్‌లో "చేసి చూడటం" గురించి. అక్కడ చేసే కోర్సు హార్వర్డ్ ట్రాన్‌స్క్రిప్ట్ మీదకు ఎక్కుతుంది. యూసీకి అప్లై చేసేటప్పుడు అదీ చూపించాలి. పనిలో పడి ఒక సీ తెచ్చుకుంటే అది నీ వెంటే వస్తుంది. రెండో చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ట్యాగ్, అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ కావాలంటే యూసీలో చేరేముందు సమ్మర్ కాకుండా చివరి రెగ్యులర్ టర్మ్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలోనే అయ్యుండాలి. డీఆంజా ఆపేసి స్ప్రింగ్ ఒక్కటి ఎక్స్‌టెన్షన్‌లో చేసి, తర్వాత మనసు మార్చుకుంటే ఆ హామీ చేజారిపోతుంది.

రుచి చూడాలంటే డబ్బు పెట్టక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్‌లో సీఎస్సీఐ ఇ-50 పేరుతో క్రెడిట్‌కు చెప్పే సీఎస్50 కోర్సే, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో సీఎస్50ఎక్స్‌గా ఉచితంగా ఉంది. దానివల్ల హార్వర్డ్ క్రెడిట్ రాదు కానీ లెక్చర్లూ, ప్రాబ్లం సెట్లూ ఎలా ఉంటాయో తెలుస్తుంది. 22బి దాకా చేశావు కాబట్టి మొదటి రెండు వారాలు తేలిగ్గా ఉంటాయి. ఆ తర్వాత ఒక్కో సెట్‌కు పది గంటలు దాటడం మామూలే. వారానికి 30 గంటల పని చేస్తూ ఆ వేగం పట్టగలవా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

చార్లెస్ ఒడ్డు:

హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ గురించి అపోహలు రెండువైపులా ఉన్నాయి. "అది అసలు హార్వర్డే కాదు" అనేవాళ్లూ పొరపాటే, "హార్వర్డ్ కాలేజీతో సమానం" అనేవాళ్లూ పొరపాటే. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ కాలంలో, 1910లో, బోస్టన్ చుట్టుపక్కల పనిచేసుకునే పెద్దవాళ్ల కోసం మొదలైన సంస్థ అది. ఇచ్చేది హార్వర్డ్ యూనివర్సిటీ డిగ్రీయే. డిగ్రీ పేరు మాత్రం బ్యాచిలర్ ఆఫ్ లిబరల్ ఆర్ట్స్, పొట్టిగా ఏఎల్‌బీ. కంప్యూటర్ సైన్స్‌ను ఫీల్డ్ ఆఫ్ స్టడీగా తీసుకోవచ్చు, కానీ డిగ్రీ బీఎస్ ఇన్ కంప్యూటర్ సైన్స్ కాదు. ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్లకు ముందే విడమరచి చెప్పండి.

చేరే పద్ధతి వేరేగా ఉంటుంది. ముందు అప్లికేషన్ వేసి సీటు కోసం ఎదురుచూడటం ఉండదు. నిర్ణయించిన మూడు కోర్సులు, ఒక్కోటి 4 క్రెడిట్లు, ముందే డబ్బు కట్టి చేయాలి. వాటిలో బీ లేదా అంతకంటే మంచి గ్రేడ్ తెచ్చుకున్నాకే డిగ్రీలోకి అప్లై చేయాలి. ఆ మూడింటిలో అకడమిక్ రైటింగ్ కోర్సు ఒకటి తప్పనిసరి. అదే ఎక్స్‌పో ఇ-25. డీఆంజాలో ఇంగ్లిష్‌లో ఏ వచ్చినా దీనికి బదులుగా చెల్లదు. ఎక్కువమంది ఆగిపోయేది కూడా ఇక్కడే. చేరేముందు ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటుంది, అందులో తగినంత రాకపోతే ముందు కింది స్థాయి రైటింగ్ కోర్సు చేయాలి, అంటే ఇంకో ఫీజు, ఇంకో టర్మ్. మన దగ్గర ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకు గ్రామర్ బాగానే వస్తుంది. ఆ కోర్సులో అడిగేది గ్రామర్ కాదు. ఒక వ్యాసం చదివి, రచయిత వాదన ఎక్కడ బలహీనంగా ఉందో పట్టుకుని, దానిమీద మీ వాదన నిలబెట్టి, ఆధారాలతో ఐదారు పేజీలు రాయాలి. ఒక్కో పేపర్‌కు డ్రాఫ్ట్, టీచర్ వ్యాఖ్యలు, తిరగరాయడం ఉంటాయి. సారాంశం రాసి ఇస్తే బీ రాదు.

లెక్క విషయానికి వస్తే డిగ్రీ మొత్తం 128 క్రెడిట్లు. బయటినుంచి 64 వరకే తీసుకుంటారు. మిగతా 64, అంటే 16 కోర్సులు, అక్కడే చేయాలి. డీఆంజా యూనిట్లు క్వార్టర్ యూనిట్లు కాబట్టి మూడింట రెండు వంతులుగా లెక్కేస్తారు. మీ 62 అక్కడ 41 అవుతాయి. 64 నిండాలంటే డీఆంజాలో 96 యూనిట్లు కావాలి. అందువల్ల ఎక్స్‌టెన్షనే ఎంచుకున్నా ఇప్పుడే డీఆంజా మానేయడం శుద్ధ దండగ. డీఆంజాలో యూనిట్ 31 డాలర్లు, ఎక్స్‌టెన్షన్‌లో కోర్సు 2,000 డాలర్ల పైచిలుకు.

16 కోర్సులంటే 32,000 డాలర్లకు తగ్గదు. ఏటేటా ఫీజు పెరుగుతుంది కాబట్టి ఇంకా పైకే వేసుకోండి. దీనిమీద కేంబ్రిడ్జ్ వెళ్లి క్లాసులో కూర్చుని చేయాల్సిన కోర్సులు కొన్ని ఉంటాయి. ఎన్ని అన్నది మీరు డిగ్రీలో చేరే సంవత్సరపు నిబంధనల మీద ఆధారపడుతుంది, కాబట్టి అడ్వైజర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. కాలిఫోర్నియా నుంచి వచ్చేవాళ్లు వీటిని సాధారణంగా జనవరి సెషన్‌లోనో, సమ్మర్ స్కూల్‌లోనో పూర్తి చేస్తారు. సమ్మర్ స్కూల్ ఫీజు మామూలు టర్మ్ కంటే ఎక్కువ. విమానం టికెట్, బస, ఆ వారాల్లో పోయే జీతం వేరు.

ఫాల్‌లో రెండు, స్ప్రింగ్‌లో రెండు, సమ్మర్‌లో ఒకటి చొప్పున చేస్తే 16 కోర్సులకు మూడేళ్లు దాటుతుంది. పని చేస్తూ అంతకంటే వేగంగా వెళ్తే గ్రేడ్లు పడిపోతాయి.

లెక్కల పుస్తకం:

డబ్బు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఫీజు పక్కపక్కన పెట్టి పోల్చితే సరిపోదు, మీ చేతినుంచి నిజంగా ఎంత పోతుందో చూడాలి.

గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మీకు ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఆర్థిక సాయం అప్లికేషన్, వర్తిస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే ఫెడరల్ పెల్ గ్రాంట్ 2025-26కి గరిష్ఠం 7,395 డాలర్లు. అయితే ఫెడరల్ లెక్కలో 24 ఏళ్లు నిండనివాళ్లు, పెళ్లి వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల మీద ఆధారపడినవాళ్లే. మీరు సొంతంగా సంపాదిస్తున్నా అమ్మానాన్నల ఆదాయం రాయాల్సిందే. వాళ్ల ఆదాయం తక్కువైతే అదే మీకు కలిసొస్తుంది.

పెల్ గ్రాంట్ హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్‌లో కూడా పనికొస్తుంది, కానీ డిగ్రీలో చేరాకే. ముందు చేయాల్సిన ఆ మూడు కోర్సులకు సొంత డబ్బే. రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ మాత్రం కాలిఫోర్నియా దాటి రాదు. అసలు తేడా పడేది ఇక్కడే. శాన్‌హోజే స్టేట్‌లో 2025-26కి సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) ట్యూషన్ 6,450 డాలర్లు, క్యాంపస్ ఫీజులు కలిపితే ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వేల మధ్య. కాల్ గ్రాంట్ వస్తే ఆ ట్యూషన్ భాగం మొత్తం పోతుంది. యూసీ ట్యూషన్ 15,000 డాలర్ల దగ్గర ఉంది, అక్కడ కూడా కాల్ గ్రాంట్, యూసీ సొంత గ్రాంట్లు కలిసి తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ మొత్తం మాఫీ అయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంటి దగ్గర నుంచి వెళ్లే శాన్‌హోజేతో పోల్చితే వేరే ఊళ్లోని యూసీలో మిమ్మల్ని దెబ్బతీసేది ట్యూషన్ కాదు, అద్దె.

కమ్యూనిటీ కాలేజీ నుంచి వెళ్లేవాళ్లకు కాల్ గ్రాంట్‌లో ప్రత్యేక దారి ఉంది, దానికి వయసు పరిమితి 28. మీరు 22లో ఉన్నారు, కానీ హైస్కూల్ ముగించేనాటికి కాలిఫోర్నియా రెసిడెంట్ కానివాళ్లకు ఈ దారి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఫాఫ్సా అక్టోబర్‌లో తెరుచుకుంటుంది. కాల్ గ్రాంట్‌కు మార్చి మొదటి వారంలో గడువు. ఫాఫ్సా వేసి ఊరుకోవద్దు, కాల్ గ్రాంట్ వెబ్‌సైట్ వెబ్‌గ్రాంట్స్‌లో అకౌంట్ తెరిచి, మీ జీపీఏ కాలేజీ నుంచి చేరిందో లేదో చూసుకోండి. చాలామందికి గ్రాంట్ ఆగేది అక్కడే.

డీఆంజాలో ప్రామిస్ గ్రాంట్‌కు అప్లై చేశారా? అర్హత ఉంటే ఆ యూనిట్‌కు 31 డాలర్లు కూడా మాఫీ అవుతాయి.

గోదారి గట్టు:

అందరూ యూసీ, సీఎస్‌యూ వైపే చెప్తున్నారు. లెక్క ప్రకారం సరే. కానీ ఎక్స్‌టెన్షన్ ఎవరికి సరిపోతుందో అది కూడా న్యాయంగా చెప్పాలి.

35 ఏళ్లు దాటి, పూర్తికాలం ఉద్యోగం, పిల్లలు, ఇంటి లోన్ ఉండి, చేతిలో కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు ఉండి డిగ్రీ మాత్రం లేనివాళ్లు మనవాళ్లలో ఉన్నారు. వాళ్లకు పగటిపూట క్యాంపస్ క్లాసులు కుదరవు. కంపెనీ ఏటా కొంత ట్యూషన్ తిరిగి ఇస్తుంది. యజమాని ఇచ్చే చదువు సహాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఫెడరల్ పన్ను పడదు. అంటే ఏడాదికి రెండు కోర్సులు దాదాపు కంపెనీ ఖర్చుతోనే అయిపోతాయి. అలాంటివాళ్లకు హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ కానీ, పెన్సిల్వేనియా యూనివర్సిటీ (పెన్)లో పెద్దవాళ్ల చదువు విభాగం ఎల్‌పీఎస్ నడిపే బ్యాచిలర్ ఆఫ్ అప్లైడ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కానీ మంచి చదువే. ఎనిమిదేళ్లు పట్టినా వాళ్లకు నష్టం లేదు, ఎందుకంటే ఉద్యోగం అప్పటికే నడుస్తోంది.

నల్లరేగడి గారి పరిస్థితి అది కాదు. మొదటి ఉద్యోగం దొరకాలి. దానికి కావలసింది ఇంటర్న్‌షిప్. శాన్‌హోజే స్టేట్‌లో కెరీర్ ఫెయిర్‌కు వచ్చే కంపెనీలు రోడ్డు అవతల ఉన్నవే. ఆన్‌లైన్‌లో రాత్రి తొమ్మిదికి లెక్చర్ చూసేవాడికి పక్కసీటులో ప్రాజెక్ట్ పార్ట్‌నర్ ఉండడు. రెజ్యూమేలో హార్వర్డ్ అని ఉంటే మొదటి చూపు పడుతుంది, నిజమే. రెండో నిమిషంలో ఆపరేటింగ్ సిస్టమ్స్, ఆల్గారిథమ్స్ ఎక్కడ ఎంత లోతుగా చేశావని అడుగుతారు.

ఒకవేళ చేస్తే మాత్రం రెజ్యూమేలో "హార్వర్డ్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ స్కూల్" అని పూర్తిగా రాయండి. "హార్వర్డ్ కాలేజ్" అని రాస్తే అది అబద్ధం, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతుంది, దాంతో కష్టపడి తెచ్చుకున్న నిజమైన డిగ్రీ మీద కూడా అనుమానం పడుతుంది.

చార్లెస్ ఒడ్డు:

గోదారి గట్టు గారూ, ఒక్క చోట విభేదిస్తాను. ఎక్స్‌టెన్షన్‌లో లోతైన కోర్సులు లేవన్నట్టు వినిపించింది. ఆల్గారిథమ్స్, సిస్టమ్స్ కోర్సులు అక్కడా గట్టిగానే ఉంటాయి. కొరత వేరే చోట ఉంది. ఏ టర్మ్‌లో ఏ కోర్సు ఇస్తారో, దానికి ముందు కావలసిన కోర్సు ఎప్పుడు ఇస్తారో చూసుకుంటూ మీ దారి మీరే అల్లుకోవాలి. మాస్టర్స్‌కు వెళ్లాలంటే ప్రొఫెసర్ సిఫార్సు ఉత్తరం కావాలి, పెద్ద ఆన్‌లైన్ కోర్సులో మీ హోంవర్క్ దిద్దేది టీచింగ్ అసిస్టెంట్. ఆఫీస్ అవర్స్‌కు వదలకుండా వెళ్లేవాళ్లకే ఆ ఉత్తరం దొరుకుతుంది.

"పెద్ద పేరు, కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్" అనగానే అన్నీ ఒక గాటన కట్టేయొద్దు. యూసీ బర్క్‌లీ ఎక్స్‌టెన్షన్, యూసీఎల్‌ఏ ఎక్స్‌టెన్షన్ బ్యాచిలర్స్ డిగ్రీ ఇవ్వనే ఇవ్వవు. సర్టిఫికెట్లు, విడి కోర్సులు మాత్రమే. వాటిలో చేరితే బర్క్‌లీ సీటు దగ్గరవుతుందన్నది వట్టి మాట. మరోవైపు కొలంబియాలో 1947లో మొదలైన స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్ ఉంది. అక్కడివాళ్లు కొలంబియా కాలేజీ విద్యార్థులతో కలిసి అవే క్లాసుల్లో కూర్చుంటారు, కొలంబియా బీఏ తీసుకుంటారు. చదువులో ఏడాది, ఆపైన విరామం ఉన్నవాళ్ల కోసం పెట్టారు. 124 క్రెడిట్లలో బయటివి 60 వరకే తీసుకుంటారు. క్రెడిట్‌కు 2,000 డాలర్ల పైనే, అంటే అక్కడి ఒక్క క్రెడిట్ ఖరీదుకు హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్‌లో దాదాపు ఒక కోర్సు వస్తుంది. మిగిలిన 64 క్రెడిట్లకు ట్యూషనే 1,28,000 డాలర్లు దాటుతుంది, స్కాలర్‌షిప్‌లు అంత ధారాళంగా ఉండవు. బీటెక్ ఆపాక డీఆంజాలో చేరడానికి మధ్య ఎంత విరామం వచ్చిందో రాయలేదు కానీ, అర్హత ఉన్నా ఈ అప్పు ఎత్తుకోమని చెప్పలేను.

హెచ్4 అమ్మ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి హెచ్4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంది, 19 ఏళ్లు, కమ్యూనిటీ కాలేజీలోనే చదువుతోంది. తనకు కూడా ఈ ఎక్స్‌టెన్షన్ దారి పనికొస్తుందా అండి?

బే ఏరియా అక్క:

వద్దండి. హెచ్4 మీద చదవడానికి అభ్యంతరం లేదు, కానీ 21 నిండగానే ఆ స్టేటస్ పోతుంది. అప్పటికి ఎఫ్-1లోకి మారి ఉండాలి. అందుకు ఐ-20 (స్టూడెంట్ వీసాకు కావలసిన పత్రం) ఇచ్చే కాలేజీ కావాలి, హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్టూడెంట్ వీసాకు స్పాన్సర్ చేయదు. ఎఫ్-1లోకి మారకపోతే, ఒక పూర్తి అకడమిక్ ఇయర్ ఫుల్‌టైమ్ చదివి ఉండకపోతే ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసే అనుమతి) రాదు, అది లేకపోతే డిగ్రీ చేతికొచ్చినా పని చేసే దారి మూసుకుపోతుంది. కాబట్టి 60 సెమిస్టర్ యూనిట్లు త్వరగా ముగించి, ఐ-20 ఇచ్చే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి, 21కి నెలల ముందే స్టేటస్ మార్పు మొదలుపెట్టాలి.

ఫీజు దగ్గర మాత్రం జాగ్రత్త అండి. కాలిఫోర్నియాలో హెచ్4 వాళ్లు రెసిడెన్సీ తెచ్చుకుని ఇన్‌స్టేట్ ఫీజు కట్టొచ్చు. ఎఫ్-1కి మారాక అది పోయే ప్రమాదం ఉంది. సీటు ఒప్పుకునేముందే ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకు మీ తేదీలన్నీ రాసి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. హెచ్4 వాళ్లకు ఫెడరల్ ఎయిడ్ ఎలాగూ లేదు కాబట్టి ఈ ఒక్క తేడా ఏడాదికి వేల డాలర్లు. మీ గ్రీన్‌కార్డు కేసులో అమ్మాయి వయసు లెక్క ఎలా వస్తుందో లాయర్‌ని విడిగా అడగండి.

నల్లరేగడి:

అందరికీ చాలా చాలా ధన్యవాదాలు. ఎక్స్‌టెన్షన్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. బీటెక్ ఆపిన నాలుగు నెలలకే డీఆంజాలో చేరాను కాబట్టి కొలంబియా సంగతి కూడా లేదు. వచ్చే ఏడాది ఫాల్‌కు ట్రాన్స్‌ఫర్ కావాలంటే ఇప్పటినుంచి ఏ వరసలో చేయాలి? కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ దొరకడం లేదు.

బే ఏరియా అక్క:

మంచిది. ముందు ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో చూపే అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో డీఆంజా నుంచి నువ్వు వెళ్లాలనుకునే ప్రతి క్యాంపస్‌కూ కంప్యూటర్ సైన్స్ ఒప్పందం తెరిచి పక్కపక్కన పెట్టుకో. శాన్‌హోజేకి సరిపోయినది అర్వైన్‌కి చాలకపోవచ్చు. సాధారణంగా నీకు మిగిలేవి మ్యాథ్ 1సి, 1డి, లీనియర్ ఆల్జీబ్రాకు 2బి, డిస్క్రీట్‌కు 22, డేటా స్ట్రక్చర్లకు సీఐఎస్ 22సి, ఫిజిక్స్ 4ఎ, 4బి, రెండో ఇంగ్లిష్, స్పీచ్. కొన్ని క్యాంపస్‌లు అసెంబ్లీ కోర్సు కూడా అడుగుతాయి.

సమ్మర్‌లో 1సి, స్పీచ్. ఫాల్‌లో 1డి, 22సి, రెండో ఇంగ్లిష్. వింటర్‌లో 2బి, ఫిజిక్స్ 4ఎ. స్ప్రింగ్‌లో మ్యాథ్ 22, ఫిజిక్స్ 4బి. ఫాల్ బరువుగా ఉంటుంది, ఆ క్వార్టర్‌లో పని గంటలు 20కి తగ్గించగలిగితే తగ్గించు. కాల్‌క్యులస్ సిరీస్‌ను మాత్రం మధ్యలో వదిలి వెళ్లకు. డీఆంజాలో నాలుగు క్వార్టర్లుగా చెప్పేది సెమిస్టర్ క్యాంపస్‌లో మూడు కోర్సులుగా ఉంటుంది. 1సి దగ్గర ఆపితే అక్కడ సగం పాఠం మళ్లీ చేయాలి, సగం ఎగిరిపోతుంది.

స్పీచ్ కోర్సు మనవాళ్లు ఎక్కువమంది చివరికి తోసేస్తారు. సీఎస్‌యూలో చేరాలంటే నాలుగు తప్పనిసరి: మాట్లాడటం, రాయడం, క్రిటికల్ థింకింగ్, లెక్కలు. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా శాన్‌హోజే తలుపు తెరుచుకోదు. అలాగని కాల్-జెట్సీ మొత్తం పూర్తి చేయాలని మేజర్ కోర్సులు వాయిదా వేయకు. కంప్యూటర్ సైన్స్‌కు యూసీలు ముందు చూసేది లెక్కలు, ప్రోగ్రామింగ్. కనీస అర్హతకు ఏడు కోర్సుల ప్యాటర్న్ చాలు: ఇంగ్లిష్ రెండు, లెక్కలు ఒకటి, మిగతా విభాగాల్లో నాలుగు.

యూసీకి 90 క్వార్టర్ యూనిట్లు స్ప్రింగ్ ముగిసేలోగా కావాలి, ఈ వరసలో వెళ్తే దాటిపోతావు. 105 దాటినవాటికి యూనిట్లు ఇవ్వరు కానీ సబ్జెక్ట్ క్రెడిట్ ఇస్తారు కాబట్టి భయపడకు.

తేదీలు. ట్యాగ్ సెప్టెంబర్ 1 నుంచి 30 వరకే, ఒక్క క్యాంపస్‌కే. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటాబార్బరా, శాంటాక్రూజ్, ఈ ఆరింటికే ఉంది. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియేగోకు లేదు. కంప్యూటర్ సైన్స్‌కు కొన్ని క్యాంపస్‌లు ట్యాగ్ ఇవ్వవు, ఇచ్చేవి జీపీఏ ఎక్కువ అడుగుతాయి. ఈ ఏడాది పట్టిక జూలైలోగా చూసి, 3.5కి ఎక్కడ చోటుందో తేల్చుకో. అసలు యూసీ అప్లికేషన్, సీఎస్‌యూ అప్లికేషన్ రెండూ అక్టోబర్, నవంబర్ నెలల్లో. ట్యాగ్ వచ్చినా యూసీ అప్లికేషన్ విడిగా వేయాలి, అందులో మేజర్ పేరు ట్యాగ్‌లో రాసినదే ఉండాలి. జనవరిలో ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ ప్లాన్ అప్‌డేట్ చేయమంటారు, గడువు జనవరి 31. ఇది చేయకపోతే ట్యాగ్ కూడా పోతుంది.

కౌన్సెలర్ కోసం నెలల ముందు అపాయింట్‌మెంట్ వెతక్కు. డ్రాప్-ఇన్ వేళల్లో, క్వార్టర్ మొదటి రెండు వారాలు కాకుండా, నాలుగో వారం తర్వాత వెళ్లు. అసిస్ట్ ప్రింట్లు, ట్రాన్‌స్క్రిప్ట్, నీ కోర్సుల వరస కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే పావుగంటలో పనవుతుంది. కమ్యూనిటీ కాలేజీలకు వచ్చే యూసీ ప్రతినిధుల అపాయింట్‌మెంట్లు ట్రాన్స్‌ఫర్ సెంటర్‌లో విడిగా ఇస్తారు, అవి త్వరగా దొరుకుతాయి.

లెక్కల పుస్తకం:

ఒక్కటి చేరుస్తాను. శాన్‌హోజే స్టేట్‌లో కంప్యూటర్ సైన్స్ ఇంపాక్టెడ్ మేజర్, అంటే సీట్లకంటే అర్హులు ఎక్కువ, కట్ఆఫ్ ఏటా మారుతుంది. అందుకని దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా ఈస్ట్ బే, శాక్రమెంటో లాంటి మరో రెండు సీఎస్‌యూలు అదే అప్లికేషన్‌లో చేర్చండి. ఒక్కో క్యాంపస్‌కు విడిగా ఫీజు ఉంటుంది, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అప్లికేషన్‌లోనే మాఫీ అడుగుతారు. ఆ పేజీ దాటేయకుండా నింపండి. యూసీలో కూడా నాలుగు క్యాంపస్‌ల వరకు మాఫీ ఉంది.